మళ్ళీ ఓటు అడగని మేయరు

పోయిన నెల హైదరాబాదులో పెండ్లికి పోయినప్పుడు మామ ఒకాయన అడిగినాడు: "ఏమబ్బా, మీ బెంగళూరు మేయరెవరు?" జవాబు చెప్పలేకపోయాను. పేరు మరచిపోయి కాదు, మేయరే లేరు. 2020 సెప్టెంబర్‌లో పాలికె గడువు ముగిసింది. అప్పటినుండి అధికారుల పాలనే.

ఉన్నప్పుడు మాత్రం ఏమి? 2015 నుండి 2020 వరకు ఐదేండ్లలో ఐదుగురు మేయర్లు. ఒక్కొక్కరికి ఒక్క ఏడాది. వాళ్ళను ఎన్నుకునేది కూడా మనం కాదు. కార్పొరేటర్లు, వాళ్ళతోపాటు ఎమ్మెల్యేలు, ఎంపీలు. మన దగ్గరికి మళ్ళీ వచ్చే పని లేనప్పుడు లెక్క చెప్పే పనీ ఉండదు.

అమెరికాలో చికాగో చూడండి. అక్కడ మేయర్‌ను నాలుగేండ్లకు జనమే నేరుగా ఎన్నుకుంటారు. 2023 ఫిబ్రవరిలో, పదవిలో ఉన్న లోరీ లైట్‌ఫుట్ రెండోసారి నిలబడితే జనం మూడో స్థానానికి తోసేశారు. ఆ తీర్పు సరో కాదో వాళ్ళ ఊరి విషయం. లెక్క అడిగే రోజు ఒకటి వాళ్ళకుంది, అంతే.

ఇది మా అవ్వకు ఎప్పుడో తెలుసు. 2015లో ఓటుకు వచ్చిన క్యాండిడేటును గుమ్మంలోనే నిలబెట్టి, మోరీ చూపించి, "ఐదేండ్లకు మళ్ళా ఈ వాకిలికే వస్తావు గదా నాయనా" అనింది. ఆయన గెలిచిన ఆరు నెలల్లో మోరీకి బండలు పడినాయి. ఇప్పుడు ఆ బండలు విరిగి రెండేండ్లు. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెడితే "పరిష్కరించాము" అని మూసేస్తారు. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ను. తప్పు అట్లే ఉండగా మూసేసిన బగ్గును మళ్ళీ తెరవడమే నా ఉద్యోగం. ఆఫీసులో ఉన్న ఆ హక్కు నాకు నా వీధిలో లేదు.

అధికారులైతే రాజకీయం లేకుండా పని చేస్తారని మా నాయన వాదన. చేసేవాళ్ళు ఉన్నారు, కాదనను. బదిలీ అయిపోయినాక ఎవరిని అడగాలి?

2025 సెప్టెంబర్ 2న నగరాన్ని ఐదు కార్పొరేషన్లు చేశారు. కొత్త చట్టంలో మేయరుకు రెండున్నరేండ్లు. ఏడాదికంటే మేలే, కానీ చాలదు. ఐదేండ్లు ఇవ్వండి, నేరుగా మమ్మల్నే ఎన్నుకోనివ్వండి, మళ్ళీ నిలబడనివ్వండి. బాగా చేస్తే ఉంచుకుంటాం, లేదంటే పంపిస్తాం.

ఎన్నిక వచ్చినప్పుడు మన తెలుగు ఇండ్లలో "మనకెందుకులే, బయటినుండి వచ్చినవాళ్ళం" అనే మాట వద్దు. వచ్చి నాలుగు తరాలైంది. ఓటరు పట్టీలో పేరు చూసుకోండి. మా అవ్వ పేరు నిన్ననే చూశాను, ఉంది. "వాడు ఎప్పుడొస్తాడ్రా?" అని అడుగుతా ఉంది.