తెలిసినవారి వెంట నాలుగు అడుగులు

దసరా నాడు పొరుగింటివారు మన చేతిలో జమ్మి ఆకు పెట్టి ఆలింగనం చేసుకోవడం ఓరుగల్లు వీధుల్లో తరతరాలుగా వస్తున్న ఆచారం. ఆ ఆకును మన పిల్లలందరూ ఎరుగుదురు. అది ఏ చెట్టుదో చూపించమంటే మాత్రం మా తరగతి గదిలో లేచే చేతులు రెండో మూడో. 2014లో తెలంగాణ ప్రభుత్వం జమ్మిని రాష్ట్ర వృక్షంగా, పాలపిట్టను రాష్ట్ర పక్షిగా, జింకను రాష్ట్ర జంతువుగా, తంగేడును రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది. పరీక్ష కోసం ఈ నాలుగు పేర్లనూ పిల్లలు గడగడా అప్పజెబుతారు. వాటిలో ఎన్నింటిని కళ్లారా చూశారని అడిగితే తల వంచుకుంటారు. పేరుకూ ప్రాణికీ మధ్య ఏర్పడిన ఈ దూరాన్ని తగ్గించే మార్గాన్ని గురించి ఈ నెల ముచ్చటించదలిచాము.

మన కుటుంబాల్లో ఎందరో ఉపాధి కోసం గల్ఫ్ దేశాలలో ఉంటున్నారు. అక్కడి ఇసుక మైదానాల్లో ఒంటరిగా నిలబడి నీడనిచ్చే గాఫ్ చెట్టును వారు చూసే ఉంటారు. ఆ గాఫ్, మన జమ్మి ఒకే జాతి వృక్షాలు. నేలలోకి చాలా లోతుగా వేళ్లు పంపి, వాన లేని కాలంలో కూడా పచ్చగా బతకడం దాని స్వభావం. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ దానిని జాతీయ వృక్షంగా గౌరవిస్తున్నది. 2019ని ‘సహన సంవత్సరం’గా జరుపుకొన్నప్పుడు ఆ దేశం ఎన్నుకొన్న చిహ్నం కూడా గాఫ్ చెట్టే. మన ఊరిలో పొరుగువారి ఆప్యాయతకు గుర్తుగా చేతులు మారే ఆకు, సముద్రానికి ఆవల మరో సమాజంలో సహనానికి గుర్తు కావడం ఆలోచింపజేసే విషయం.

ఆ చెట్లున్న ఎడారిలో కొంత భాగాన్ని 2003లో దుబాయ్ ఎడారి సంరక్షణ ప్రాంతంగా ఏర్పరచారు. దాని విస్తీర్ణం దాదాపు 225 చదరపు కిలోమీటర్లు. ఎవరికి తోచినట్టు వారు వాహనం తోలుకొంటూ తిరగడానికి అక్కడ వీలులేదు. అనుమతి పొందిన నిర్వాహకుల వెంట, నిర్ణయించిన దారుల్లోనే వెళ్లాలి. చలికాలం ముగిసి ఎండలు ముదరకముందు, తెల్లవారుజామున మార్గదర్శకుని వెంట నడిచేవారికి ఎడారి ఒక గ్రంథంలా విప్పుకొంటుంది. రాత్రి సంచరించిన నక్క, కుందేలు, తొండల అడుగుజాడలు ఇసుకపై అక్షరాల్లా కనిపిస్తాయి. కాస్త వాన పడిన ఏడాదిలో చిన్న చిన్న పూలు నేలను అంటిపెట్టుకొని పూస్తాయి. చదవడం తెలిసినవాడు పక్కన లేకపోతే అదంతా ఉత్త ఇసుకే.

అక్కడ తిరుగాడే తెల్లని అరేబియా ఓరిక్స్ కథ మరింత గమనింపదగినది. వేట కారణంగా 1972 నాటికి ఆ జంతువు స్వేచ్ఛా జీవనంలో ఎక్కడా లేకుండా పోయింది. సంరక్షణ కేంద్రాల్లో మిగిలిన కొద్దిపాటి జంతువుల నుంచి సంతతిని పెంచి, 1982లో ఒమాన్ ఎడారిలోకి మళ్లీ విడిచారు. తరువాత ఇతర ప్రాంతాలలోనూ విడిచారు. మనిషి తన చేతులతో తుడిచివేసినదాన్ని, పట్టుదల ఉంటే, తన చేతులతోనే తిరిగి నిలబెట్టగలడనడానికి ఇది సాక్ష్యం. ఓరిక్స్ కనుమరుగైన ఆ 1972లోనే మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది.

కొంత నేలకు హద్దు గీసి కాపాడుకోవడం అరబ్బులకు కొత్త కాదు. దానిని వారు ‘హిమా’ అనేవారు. ఇస్లాంకు పూర్వం బలవంతులు తమ మందల కోసం హిమాను సొంతం చేసుకొనేవారు. దైవప్రవక్త (సఅసం) ఆ పెత్తనాన్ని తొలగించి, దానిని సమాజ ప్రయోజనానికి మళ్లించారు. మదీనా పరిసరాలను చెట్లు నరకరాని, వేటాడరాని పవిత్ర ప్రాంతంగా ప్రకటించారు. మన పాఠాల్లో ఈ విషయాన్ని చెబుతూనే ఉన్నాము. చెట్ల నడుమ నిలబడి ఒక్కసారి చెబితే అది పిల్లల మనసులో మరింత గాఢంగా నాటుకొంటుంది.

అందుకు దుబాయ్ వెళ్లనక్కరలేదు. నర్సంపేట దాటితే పాఖాల ఉంది. కాకతీయ గణపతిదేవుని కాలంలో, 1213 ప్రాంతంలో కొండల నడుమ కట్ట వేసి నిలిపిన ఆ చెరువు చుట్టూ అభయారణ్యం విస్తరించి ఉంది. మరోవైపు ములుగు, తాడ్వాయి దాటి గోదావరి దాకా ఏటూరునాగారం అభయారణ్యం ఉంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఈ అడవులు ఆకు రాల్చుకొంటాయి. మోడుగు నిప్పుకణికల్లా పూస్తుంది. ఆపై ఇప్ప పువ్వు తెల్లవారేసరికి నేలరాలి తీయని వాసన నింపుతుంది. ఆకులు పలచబడడం వల్ల పక్షులు, జింకలు సులభంగా కంటబడతాయి.

అయితే అడవికి అత్యంత ప్రమాదకరమైన కాలం కూడా అదే. నేలంతా ఎండుటాకుల పరుపు. ఎవరో పారవేసిన బీడీ ముక్క, వంట చేసుకొని సగం ఆర్పిన పొయ్యి చాలు, ఆ మంట కొండంతా పాకుతుంది. లేత మొలకలు, నేలపై గూడు కట్టుకొన్న పక్షుల గుడ్లు, తాబేళ్లు ముందుగా బలి అవుతాయి. అభయారణ్యంలో నిప్పు పెట్టడం చట్టరీత్యా నేరం. విహారానికని వెళ్లి, కోడిని కోసి, అక్కడే వండుకొని, ప్లాస్టిక్ పళ్లాలు వదిలివచ్చే కుటుంబాల్లో మనవారూ ఉన్నారు. ఈ మాట చేదుగా ఉన్నా చెప్పక తప్పదు.

అడవి ఎంత సుకుమారమైనదో ఇటీవలే చూశాము. 2024 ఆగస్టు 31న వీచిన పెనుగాలికి తాడ్వాయి, మేడారం మధ్య సుమారు 200 హెక్టార్లలో 50 వేలకు పైగా చెట్లు కొన్ని గంటల్లో కూలిపోయాయి. అలాంటి చోట పిల్లలను నిలబెట్టి, పడిన మానుల మధ్య ఏ మొక్కలు మొదట మొలుస్తాయో చూపగలవాడే నిజమైన మార్గదర్శకుడు. అటవీశాఖ సిబ్బందిలో అటువంటివారున్నారు. ఆ అడవిలోనే పుట్టి పెరిగిన కోయ పెద్దలకు ప్రతి చెట్టు పేరూ, గుణమూ తెలుసు. వారి ముందు మన పిల్లలు శిష్యులై కూర్చోవడం ఎంతో మేలు.

ఇక తల్లిదండ్రుల సందేహాలు. చదువు పాడవుతుందని కొందరంటారు. ఒక్క ఉదయపు నడక ఏ చదువునూ చెరపదు. ఆడపిల్లలను ఎలా పంపడమని మరికొందరు అడుగుతారు. మగపిల్లలు స్నేహితులతో ఏదో ఒకనాటికి అడవి చూస్తారు. ఆడపిల్లకు మాత్రం పెళ్లయ్యేదాకా ఇల్లు, బడి, మద్రసా తప్ప వేరే దారి తెలియదు. రేపు ఒక ఇంటికి తల్లి అయ్యేది ఆమే. తానే చూడనిదాన్ని తన బిడ్డలకు ఏమని చెబుతుంది? కనుక కుటుంబమంతా కలిసి వెళ్లండి. నాలుగైదు ఇళ్లవారు కూడితే తల్లులూ, తండ్రులూ, అన్నదమ్ములూ తోడుంటారు.

వెళ్లే ముందు అటవీశాఖ అనుమతి తీసుకోండి. మార్గదర్శకుడు లేకుండా లోనికి అడుగుపెట్టకండి. ఫజ్ర్ నమాజ్ కాగానే బయలుదేరి, ఎండ ముదరకముందే తిరిగి రండి. భోజనం ఇంటివద్దే వండి డబ్బాల్లో తీసుకెళ్లండి. తాగడానికీ, వుజూకూ సరిపడా నీళ్లు వెంట ఉంచుకోండి. పాటల పెట్టెలు ఇంట్లోనే వదిలేయండి. ప్రతి బిడ్డకూ ఒక చెట్టును అప్పగించి, దాని ఆకు, బెరడు, నీడ, దానిపై వాలే పక్షి ఏమిటో గమనించి రమ్మనండి. వచ్చే దసరాకు చేతిలో జమ్మి ఆకు పడినప్పుడు, ఆ చెట్టు ఎక్కడుందో ఇంట్లో ఒక్క బిడ్డ చెప్పగలిగినా ఆ ప్రయాణం సార్థకమైనట్టే.