చిన్న చిత్రమునకు కెమేరా యెట్టిది?

గత మాసమున వచ్చిన జాబులలో నొకటి యింకను మా బల్లపైననే యున్నది. వ్రాసిన సోదరి తన పేరు ప్రకటింపవలదని కోరినది. ఆమె యమ్మమ్మగారికి 86 ఏండ్లు. నాట్ల పాటలు, దంపుళ్ల పాటలు, అప్పగింతల పాటలు ఆమెకు వచ్చినన్ని ఆ యూర మఱెవ్వరికిని రావట. వానిని ఇరువది నిమిషముల చిత్రముగా తీయవలెనని ఈమె సంకల్పము. చీటీపాటవలన చేతికందిన సొమ్ము 60,000 రూపాయలు. దుకాణదారు పెద్ద కెమేరా నొకదానిని చూపి, తక్కువైన సొమ్మును వాయిదాలుగా కట్టవచ్చునని చెప్పినాడట. "కొనుమందురా, మానుమందురా?" అని ప్రశ్న.

మానుమనియే మా యుత్తరము. ఎందుచేతనో తెలుపుటకు ముందు మా యింట జరిగిన దొకటి చెప్పవలసియున్నది.

2004లో మా పెద్దమ్మగారు పాడుచుండగా మేము మినీ డీవీ కెమేరాతో ఆఱు టేపులు పట్టితిమి. ఆ టేపు అగ్గిపెట్టెకన్న కొంచెము పెద్దది. దానిలో గంటసేపటి చిత్రము పట్టును. బొమ్మ ముచ్చటగా వచ్చినదని మురిసితిమి. టేపులను బీరువాలో దాచి మఱచితిమి. ఆమె పోయిన చాలకాలమునకు తీసి చూడగా, కెమేరా కదలలేదు. దానిని కంప్యూటరునకు కలుపు ఫైర్‌వైర్ తీగకు క్రొత్త యంత్రములలో చోటే లేదు. రెండు టేపులకు బూజు పట్టినది. తక్కిన నాలుగింటిని నకలు తీయించితిమి. పెద్దమ్మగారి ముఖము కనబడుచున్నది గాని, పాటలోని మాటలు సగము పైని తిరుగు పంకా మ్రింగివేసినది. కెమేరాలోని మైకునే నమ్మి పది యడుగుల దూరమున నిలుచుటయే మా తప్పు. బొమ్మ కొంచెము మసకగా నున్నను చూచువారు సహింతురు. మాట వినబడకున్న లేచిపోదురు.

చిన్న పరికరముతో గొప్ప చిత్రములు రావను భయము వలదు. ఫ్రెంచి దర్శకురాలు ఆన్యెస్ వార్దా తన 72వ యేట, 2000 సంవత్సరమున, చేతిలో నిముడు డిజిటల్ కెమేరా పట్టుకొని, కోసిన చేలలో పరిగె యేరుకొనువారిపై చిత్రము తీసినది. ఒక చేత కెమేరా పట్టి, రెండవ చేతి ముడుతలను తానే చిత్రించుకొన్నది. పెద్ద కెమేరాతో అది సాధ్యమా? 2015లో వచ్చిన 'టాంజెరీన్' అను అమెరికా చిత్రము ఐఫోను 5ఎస్‌తో తీసినది. అంత దూరమేల? మన జహీరాబాదు ప్రాంతమున, పస్తాపూరు చుట్టుప్రక్కల పల్లెలలో, బడికి పోని దళిత స్త్రీలు వీడియో నేర్చి తమ సేద్యమునుగూర్చి చిత్రములు తీసినారు. ఎదుటివారి కంటికి సమానమైన యెత్తున తీసిన దృశ్యమునకు వారు పెట్టుకొన్న పేరు 'సంఘం షాట్'. అమ్మమ్మగారు నేలపై కూర్చుండి పాడుచో, తీయువారును నేలపై కూర్చుండవలయునని దీనివలన తెలియుచున్నది.

కావున సోదరీ, మీ చేతనున్న ఫోను చాలును. మూడేండ్ల క్రిందటిదని వ్రాసితిరి, బాధ లేదు. దాని కటకము చిన్నది గనుక చీకటిగదిలో బొమ్మ గరుకుబారును. వసారాలోనికి రండు. తీరని కోరికయైనచో పట్టణమున కెమేరాలు దినమునకింతయని అద్దెకు దొరకును, ఒకనాటికి తెచ్చుకొనుడు.

ఇక ఫార్మాటు మాట. ఫోనులు సామాన్యముగా సెకనుకు 30 బొమ్మలు తీయును. మన దేశమున విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులది; ట్యూబులైటు క్రింద ఆ వేగమున తీసిన చిత్రమున వెలుగు అలలు అలలుగా కదలుట కలదు. సెకనుకు 25 బొమ్మలు, షట్టరు సెకనులో 50వ వంతు అని నిలిపిన ఆ యలలు పోవును. అంతేగాక, కొన్ని ఫోనులు ఆ వేగమును ఒక్కతీరున నిలుపవు. ధ్వనిని వేఱుగా పట్టినచో రానురాను పెదవులొక దారి, పాట యొక దారి యగును. వేగమును బిగించి యుంచు యాప్‌లు గలవు, ముందే పెట్టుకొనుడు.

4కే అందఱును పలుకు మంత్రమైనది. దానిలో హెచ్‌డీకంటె నాలుగింతల చుక్కలున్నమాట నిజమే. కాని సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున తీసిన గంటకు 45 గిగాబైట్లు నిండును. 25 చొప్పున తీసిన 11 చాలును. బంధువులు ఫోనులలోను, ఊరివారు బడిలోని తెరపైనను చూచు చిత్రమునకు హెచ్‌డీ కొఱతగాదు. హెచ్.265 అను కూర్పు చోటును మిగిల్చును గాని పాత కంప్యూటరును ఏడిపించును. మీ యింటి కంప్యూటరు పాతదైనచో హెచ్.264 నే యెన్నుకొనుడు. దానిని తెఱవలేని యంత్రము నేడు అరుదు. మా టేపుల గతి తెలిసినవారికి ఈ గుణము చిన్నదిగా తోచదు.

సొమ్ము విషయము. మొదట కొంగునకు తగిలించు మంచి మైకు కొనుడు. చెవులకు పెట్టుకొని వినుచు తీయుటకు హెడ్‌ఫోను, కదలని ముక్కాలి స్టాండు కొనుడు. పిదప రెండు హార్డు డిస్కులు: ఒకటి మీ యింట, ఒకటి మీ యక్కగారి యింట. ఒకే యింట రెండును ఉంచుట ఒక్కటి యుంచినట్లే. కూర్చి యిచ్చువారికి కూలి పోగా మిగిలినది బ్యాంకులో వేయుడు. వాయిదాల కాగితముపై వ్రాలు చేయకుడు.

పంకా ఆపుట మఱవకుడు. అమ్మమ్మగారి గొంతు ఉదయమున బాగుండునో, సాయంకాలమున బాగుండునో కనుగొని వెంటనే వ్రాయుడు. ఆ వేళ మీ వసారాలో వెలుగు ఏ దిక్కునుండి వచ్చునో కూడ తెలిపితిరేని, ఆమెను ఎచ్చట కూర్చుండబెట్టవలయునో వచ్చు సంచికకై వేచియుండక జాబుననే తెలిపెదము.