ఫ్యాక్టరీలు సరే, పింఛను సంగతేమిటి?

2025 మే 9న జమ్మూకశ్మీర్‌లో నియంత్రణ రేఖ వెంట పాకిస్తాన్ కాల్పుల్లో అగ్నివీర్ మురళీ నాయక్ అమరుడయ్యాడు. ఆయనది మన గోరంట్ల మండలం కల్లితండా. సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్, మంత్రులు తండాకు వచ్చి భౌతికకాయానికి నివాళులర్పించారు. అదే నెలలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఢిల్లీ వెళ్లి, లేపాక్షి–మడకశిర ప్రాంతంలో భూములిస్తాం, యుద్ధ విమానాల తయారీని ఇక్కడికి తెండని రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్‌ను కోరారు. ఆ విమానాలు తయారుచేసే హెచ్‌ఏఎల్‌ను బెంగళూరు నుంచి ఎగరేసుకుపోతారా అని కర్ణాటక మంత్రులు మండిపడ్డారు. భూములపై, విమానాలపై అంత రభస జరిగింది. కల్లితండా ఇంటికి నెలనెలా పింఛను వస్తుందా అన్న ప్రశ్నకు అందులో పావు వంతు చోటు కూడా దక్కలేదు.

ఆ పింఛను రాదు. అగ్నివీర్లను నాలుగేళ్ల కాలానికి సైన్యంలోకి తీసుకునే అగ్నిపథ్ పథకం నిబంధనల్లోనే అది లేదు. విధి నిర్వహణలో చనిపోయిన అగ్నివీర్ కుటుంబానికి 48 లక్షల రూపాయల బీమా, 44 లక్షల ఎక్స్‌గ్రేషియా, మిగిలిన సర్వీసు కాలానికి జీతం, సేవానిధి ఇస్తారు. అది చిన్న మొత్తమని ఎవరూ అనరు. రాష్ట్ర ప్రభుత్వం కూడా 50 లక్షలు, ఐదెకరాల పొలం, 300 గజాల ఇంటి స్థలం, ఇంట్లో ఒకరికి ఉద్యోగం ప్రకటించింది. అయితే అదే సరిహద్దులో, అదే కాల్పుల్లో రెగ్యులర్ జవాను చనిపోతే అతని ఇంటివారికి బతికున్నన్నాళ్లూ కుటుంబ పింఛను అందుతుంది. పెళ్లికాని జవానైతే తల్లిదండ్రులకు అందుతుంది. అగ్నివీర్ తల్లిదండ్రులకు మాత్రం అందదు. తూటాకు లేని తేడా పింఛను కాగితానికి ఎందుకొచ్చింది?

ముంబైలో కూలి చేసుకుని బతికిన మురళీ నాయక్ తల్లిదండ్రులకు ఆయన ఒక్కడే కొడుకు. ఈ వివక్షను ప్రశ్నిస్తూ ఆ తల్లి బొంబాయి హైకోర్టు గడప ఎక్కవలసి వచ్చింది. కొడుకును దేశానికిచ్చిన తల్లి, దేశంతోనే వ్యాజ్యమాడుతోంది. దేశ రక్షణను పటిష్ఠం చేస్తామని చెప్పే ప్రతి పార్టీ ముందుగా తలదించుకోవలసింది ఇక్కడే.

పార్టీలేం చెబుతున్నాయో చూద్దాం. 2024 ఎన్నికల ప్రణాళికలో కాంగ్రెస్ అగ్నిపథ్‌ను రద్దు చేసి పాత నియామక పద్ధతి తెస్తామంది. సమగ్ర జాతీయ భద్రతా వ్యూహం రూపొందిస్తామంది, మొత్తం వ్యయంలో రక్షణ వాటా తగ్గుదలను ఆపుతామంది. మంచి మాటలే. ఒక ర్యాంకుకు ఒకే పింఛను ఏర్పాటు 1973లో ఏ పార్టీ ఏలుబడిలో పోయిందో మాజీ సైనికులు మాత్రం మరిచిపోలేదు. భాజపా సరిహద్దు రోడ్లను, స్వదేశీ ఆయుధాలను చూపిస్తుంది, అగ్నిపథ్‌తో సైన్యం సగటు వయసు తగ్గుతుందంటుంది. ఆ వాదనలో బలముంది. మంచు కొండల మీద కావలికి కుర్రవాళ్లే కావాలి. కానీ చనిపోయినవాడి తల్లికి పింఛనిస్తే సైన్యం ముసలిదైపోతుందా?

అసలు లెక్క ఖజానాది. 2025–26 కేంద్ర బడ్జెట్‌లో రక్షణకు 6.81 లక్షల కోట్ల రూపాయలు కేటాయిస్తే, అందులో 1.60 లక్షల కోట్లకు పైగా పింఛన్లకే. ఈ బరువు తగ్గించుకోవాలన్న ఆలోచన అగ్నిపథ్ వెనుక లేదని ఎవరైనా అంటే నమ్మడం కష్టం. నాలుగేళ్లు పనిచేసి క్షేమంగా ఇంటికొచ్చే యువకుడికి జీవితాంతం పింఛను ఇవ్వాలా వద్దా అన్నది చర్చించదగ్గ విషయమే. యుద్ధంలో ప్రాణమిచ్చినవారిని అదే గాటన కట్టడం మాత్రం అన్యాయం. అలాంటి కుటుంబాలు కొద్దే, వాటి పింఛను ఆరు లక్షల కోట్ల బడ్జెట్‌కు భారం కాదు. రెగ్యులర్ జవాన్ల కుటుంబాలకు దక్కే ప్రయోజనాలన్నీ అగ్నివీర్ల కుటుంబాలకూ ఇవ్వాలని పార్లమెంటు రక్షణ శాఖ స్థాయీ సంఘమే సిఫారసు చేసింది. ఇక కావలసింది ఒక్క ఉత్తర్వు. అందుకు పథకాన్ని రద్దు చేయనక్కర్లేదు, ప్రభుత్వం మారేదాకా ఆగనక్కర్లేదు.

ఆ ఉత్తర్వు తెప్పించగల బలం మన రాష్ట్రం చేతిలో ఉంది. లోక్‌సభలో తెలుగుదేశానికి పదహారు మంది ఎంపీలున్నారు, కేంద్ర ప్రభుత్వం ఆ మద్దతు మీద నిలబడింది. ఇంకో మిత్రపక్షం జనతాదళ్ (యు) ప్రభుత్వం ఏర్పడుతున్న రోజుల్లోనే, 2024 జూన్‌లో, అగ్నిపథ్‌ను సమీక్షించాలని బాహాటంగా అడిగింది. తెలుగుదేశం గొంతు మాత్రం అంత గట్టిగా వినిపించలేదు. దాని రక్షణ ఎజెండా అంతా పారిశ్రామిక ఎజెండా. 2025–30 కాలానికి తెచ్చిన ఏరోస్పేస్, రక్షణ రంగ విధానంలో మడకశిర–లేపాక్షి ప్రాంతానికి పెద్ద పీట వేశారు. ఈ కరవు సీమకు అది కావలసిందే, మేం స్వాగతిస్తున్నాం. కాకపోతే ఇక్కడి రైతుకు శంకుస్థాపనలంటే అనుభవం ఎక్కువ. లేపాక్షి నాలెడ్జ్ హబ్ పేరుతో చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో 8,844 ఎకరాలు పోయాయి. పరిశ్రమకు బదులు కేసులొచ్చాయి. పాలసముద్రంలో రక్షణ ఎలక్ట్రానిక్స్ సంస్థ బీఈఎల్ ఫ్యాక్టరీకి 2015లో అప్పటి రక్షణ మంత్రి మనోహర్ పారికర్ శంకుస్థాపన చేశారు. ఆ పక్కనే కస్టమ్స్ అధికారులకు శిక్షణనిచ్చే నాసిన్ కట్టి, 2024 జనవరిలో ప్రధాని చేత ప్రారంభం కూడా చేయించారు. రాడార్లు, క్షిపణి వ్యవస్థలు తయారు కావలసిన బీఈఎల్ స్థలంలో మాత్రం పని నత్తనడకన సాగింది. కొత్త భూములు అడిగే ముందు పాత శిలాఫలకాల లెక్క చెప్పడం ప్రభుత్వ ధర్మం.

పాలసముద్రమూ కల్లితండా ఒకే మండలంలో ఉన్నాయి. విమానాల ఫ్యాక్టరీ వచ్చినా మొదటి బ్యాచ్ ఉద్యోగాలు ఎవరికి దక్కుతాయో చెప్పలేం. నల్లమాడ, ఓబులదేవరచెరువు, ముదిగుబ్బ తండాల నుంచి వెళ్లే కుర్రాళ్లకు ఈనాటికి తెలిసిన రక్షణ ఉద్యోగం సిపాయి ఉద్యోగమే. వేరుశనగ చేతికి రాకపోతే బెంగళూరు బస్సెక్కాలి, లేదా తెల్లవారుజామున తారురోడ్డు మీద పరుగు ప్రాక్టీసు చేయాలి. 2022 జూన్‌లో అగ్నిపథ్ ప్రకటించినప్పుడు సికింద్రాబాద్ స్టేషన్‌లో రైళ్లు తగలబడ్డాయి, పోలీసు కాల్పుల్లో ఒక యువకుడు చనిపోయాడు. ఆ విధ్వంసాన్ని ఎవరూ సమర్థించరు. ఏళ్ల తరబడి సైన్యం కోసం పరుగెత్తిన వారి గుండెకోత మాత్రం నిజం. తొలి బ్యాచ్ అగ్నివీర్ల నాలుగేళ్ల గడువు 2026 చివరి నుంచి ముగుస్తుంది. సైన్యంలో కొనసాగేది నూటికి ఇరవై ఐదుగురే. మిగతా డెబ్బై ఐదుగురికి రాష్ట్ర పోలీసు శాఖలో, రాబోయే రక్షణ పరిశ్రమల్లో ఎంత వాటా ఇస్తారో చంద్రబాబు ప్రభుత్వం తన విధానంలోనే రాతపూర్వకంగా చెప్పాలి.

హిందూపురం ఎంపీ బి.కె. పార్థసారథి తెలుగుదేశం సభ్యుడు. ధర్మవరం నుంచి గెలిచిన మంత్రి సత్యకుమార్ యాదవ్ భాజపా నాయకుడు. కల్లితండా కుటుంబానికి ఢిల్లీలో మాట్లాడగలిగిన రెండు పార్టీలూ ఈ జిల్లాలోనే ఉన్నాయి. కోర్టు తీర్పు కోసం ఆ తల్లిని తిప్పకుండా, విధి నిర్వహణలో మరణించిన ప్రతి అగ్నివీర్ కుటుంబానికీ 2022 నుంచే వర్తించేలా కుటుంబ పింఛను మంజూరు చేయించాలి. రక్షణ మంత్రిని విమానాల కోసం కలిసినవారు, వచ్చే పార్లమెంటు సమావేశాల్లోగా ఈ ఒక్క కాగితం కోసం మళ్లీ కలవాలి.