నెల దాటినా మానని నోటిపూత

నోరు పూస్తే తెలుగు ఇళ్లలో వైద్యం వంటింట్లోనే మొదలవుతుంది. వేడి చేసిందంటూ మజ్జిగ, సబ్జా నీళ్లు ఇస్తారు. తగ్గకపోతే మందుల షాపు నుంచి బీ కాంప్లెక్స్ బిళ్లలు వస్తాయి. మామూలు నోటిపూతైతే వారం, పది రోజుల్లో దానంతటదే మానుతుంది. నెల దాటినా మానకుండా, బుగ్గల లోపలి పొర ఊడిపోతూ, అన్నం ముద్ద మింగడమే నరకమైతే మాత్రం అది పెమ్ఫిగస్ కావచ్చునన్న అనుమానం రావాలి.

ఈ జబ్బు వచ్చినవారిలో సగానికి పైగా మందికి మొదట పుండ్లు పడేది నోట్లోనే. ఒంటి మీద బొబ్బలు లేవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఆలోగా రోగి పళ్ల డాక్టరు దగ్గరికీ, ఆర్‌ఎంపీ దగ్గరికీ తిరుగుతూనే ఉంటాడు. బొబ్బలు కనిపించాక అక్కి అనుకుని ఎర్రమన్నుతో రాయించుకునేవారూ ఉన్నారు. తిండి సరిగా లేక మనిషి చిక్కిపోతాడు, పచ్చి పుండ్లలో చీము చేరుతుంది. చికిత్స ఉన్న జబ్బుకు ఇన్ని నెలలు పోగొట్టుకోవడం అన్యాయం.

లోపల జరిగేది ఇది. చర్మ కణాలు టిచ్ బటన్లు పెట్టినట్టు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఆ పట్టు డెస్మోగ్లీన్ అనే ప్రొటీన్లది. సూక్ష్మజీవులతో పోరాడాల్సిన యాంటీబాడీలు వాటి మీదే పడితే కణాలు విడిపోయి, మధ్యలో నీరు చేరి బొబ్బవుతుంది. ఆ బొబ్బ మెత్తగా ఉండి, తాకితే చితుకుతుంది. బాగున్నట్టు కనిపించే పక్క చర్మాన్ని డాక్టరు వేలితో గట్టిగా రాస్తే పై పొర జారిపోవచ్చు. దీన్నే నికోల్‌స్కీ గుర్తు అంటారు.

ఇది అంటువ్యాధి కాదు. రోగికి కంచం, గ్లాసు, పక్క వేరు చేయడం శాస్త్రం లేని శిక్ష.

బొబ్బల జబ్బులన్నీ ఒకటి కావు. 1953లో వాల్టర్ లీవర్ అనే చర్మవైద్యుడు పెమ్ఫిగస్ నుంచి పెమ్ఫిగాయిడ్‌ను వేరు చేసి చూపించాడు. పెమ్ఫిగాయిడ్ ఎక్కువగా వయసు మళ్లినవారికి వస్తుంది. ముందు విపరీతమైన దురద, ఆ తర్వాత బిగువుగా, ఓ పట్టాన పగలని బొబ్బలు. విల్డాగ్లిప్టిన్ వంటి కొన్ని షుగర్ మందులకూ దీనికీ సంబంధం ఉన్నట్టు పరిశోధనలు చెబుతున్నాయి. షుగర్ ఉన్న పెద్దవారికి అంతుపట్టని దురద మొదలైతే, వాడుతున్న బిళ్లల చీటీ కూడా చర్మ డాక్టరుకు చూపించాలి. ఆ బిళ్లలను సొంతంగా మానేయకూడదు.

ఇక వైద్యం. స్టెరాయిడ్లు రాకముందు పెమ్ఫిగస్ అంటే చాలామందికి మరణమే. 1950లలో అవి వచ్చి ప్రాణాలు నిలిపాయి కానీ, ఏళ్ల తరబడి పెద్ద మోతాదులో మింగితే ఎముకలు గుల్లబారతాయి, షుగర్ పెరుగుతుంది. ఇక్కడ మన దేశం నుంచే ఒక దారి వచ్చింది. ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ జె.ఎస్. పస్రిచా, నెలకోసారి వరసగా మూడు రోజులు డెక్సామెథసోన్‌ను సెలైన్ సీసాలా ఎక్కిస్తూ, అందులో ఒక రోజు సైక్లోఫాస్ఫమైడ్ కలిపే పల్స్ పద్ధతిని రూపొందించారు. 1980లలో మొదలైన ఆ పద్ధతి దేశమంతటా పాకింది. సైక్లోఫాస్ఫమైడ్ సంతాన సామర్థ్యాన్ని దెబ్బతీయగలదు. పెళ్లి కావలసినవారు, పిల్లలు కావాలనుకునేవారు ఆ సంగతి డాక్టరుకు మొహమాటం లేకుండా చెప్పాలి.

తర్వాతి మలుపు రిటుక్సిమాబ్. యాంటీబాడీలు తయారు కావడానికి మూలమైన బి కణాలను అది తొలగిస్తుంది. ఫ్రాన్స్‌లో 90 మంది రోగులపై జరిగిన పరీక్ష ఫలితాలు 2017లో వచ్చాయి. రెండేళ్ల తర్వాత మందులేవీ అక్కర్లేకుండా పుండ్లు పూర్తిగా తగ్గినవారు, స్టెరాయిడ్లే వాడినవారిలో 34 శాతం. కొద్దికాలం స్టెరాయిడ్‌తో పాటు రిటుక్సిమాబ్ తీసుకున్నవారిలో 89 శాతం. ఈ మందుకు సాటి వచ్చే రూపాన్ని హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ 2007లోనే మార్కెట్లోకి తెచ్చింది. ఎక్కించే ముందు హెపటైటిస్-బి, క్షయ ఉన్నాయేమో చూడాలి. తర్వాత జ్వరం వస్తే తేలిగ్గా తీసుకోకూడదు. జబ్బు తిరగబెట్టవచ్చు కాబట్టి పుండ్లు మానినా డాక్టరు దగ్గరికి వెళ్లడం ఆపకూడదు. స్టెరాయిడ్ బిళ్లలను ఒక్కసారిగా మానేయడం ప్రాణాంతకం.

మందు దాకా వచ్చాం, మరి నిర్ధారణ? 1964లో అమెరికాలోని బఫెలోలో బ్యూట్నర్, జోర్డన్ ఈ యాంటీబాడీలను మెరిసే రంగుతో చూపించారు. అదే ఇమ్యునోఫ్లోరెసెన్స్ పరీక్ష నేటికీ ప్రమాణం. పుండు పక్కనున్న చర్మం నుంచి చిన్న ముక్క తీస్తారు. మామూలు బయాప్సీ ముక్కలా ఫార్మలిన్‌లో వేస్తే ఈ పరీక్షకు అది పనికిరాదు. మైకెల్ ద్రావణంలో పంపాలి. అది లేనిచోట మామూలు సెలైన్‌లో వేసినా ఒక రోజు దాకా చెడదు. అంటే జిల్లా ఆసుపత్రిలో సాయంత్రం తీసిన ముక్క మర్నాటి పొద్దునకల్లా బస్సులోనైనా మెడికల్ కాలేజీ ల్యాబ్‌కు చేరవచ్చు. ప్రతి జిల్లా ఆసుపత్రికీ అలాంటి ఒక ఏర్పాటు, ప్రతి పళ్ల డాక్టరుకూ నెల దాటిన నోటిపుండును చర్మ విభాగానికి పంపాలన్న ఆదేశం రెండు తెలుగు ప్రభుత్వాలూ ఇవ్వగలిగినవే. వెంటనే ఇవ్వాలి.