స్పెయిను దేశమునకు మా ఊహాయాత్ర

గడచిన సంవత్సరాంతమున మా తరగతియందు ఒక వింత అభ్యాసము జరిగినది. "మీరందరును ముప్పది దినములు విదేశమున నుండి, అచ్చటివారితో మాటలాడి, వారి భాష అభ్యసించి రావలెను. దేశము స్పెయిను. భాష స్పానిషు. డబ్బు ఉన్నదనియే అనుకొనుడు. కాని ఏర్పాట్లు మాత్రము నిజముగా పోవువారివలె చేయవలెను" అని మా ఉపాధ్యాయులు ఆజ్ఞాపించిరి. ఈ వార్త ఇండ్లకు చేరగానే తలకొక మాట పుట్టినది. "విశాఖపట్టణమైనను చూడని పిల్లలకు స్పెయిను యాత్రయా?" అని కొందరు పెద్దలు నవ్విరి. "పరీక్షల కాలమున ఈ గాలిమేడలు ఎందులకు?" అని కొందరు కోపించిరి. వారికి సమాధానముగా మా తరగతి పక్షమున ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మేము అయిదు జట్లుగా ఏర్పడితిమి. మొదటి జట్టు దారి చూచినది. కల్యాణసింగ్‌పూర్ నుండి రాయగడకు బస్సు, రాయగడ నుండి విజయనగరము మీదుగా విశాఖపట్టణమునకు రైలు, అటనుండి ఢిల్లీకి, ఢిల్లీ నుండి మాడ్రిడ్ నగరమునకు విమానము. మన దాపున ‘సింగపురం రోడ్డు’ అను రైలు స్టేషను కలదు గదా, అచ్చట దిగినచో విదేశము వచ్చినట్లే యని ఒక మిత్రుడు పలుకగా తరగతియంతయు నవ్వినది. రెండవ జట్టు కాగితముల సంగతి కనుగొన్నది. పదునెనిమిదేండ్లు నిండనివారి పాస్‌పోర్టునకు తల్లిదండ్రుల అంగీకారము వలయుననియు, స్పెయిను పోవుటకు షెంజెన్ వీసా తీసికొనవలెననియు, ఆ దేశపు రాయబార కార్యాలయము న్యూఢిల్లీయందున్నదనియు తెలిసినది. మూడవ జట్టు బస విషయము చూచినది. సత్రమున దిగినచో మనలో మనము తెలుగే మాటలాడుకొని తిరిగి వత్తుమనియు, ఒక్కొక్కరము ఒక్కొక్క కుటుంబముతో నివసించినగాని భాష పట్టుపడదనియు ఆ జట్టు తీర్మానించినది. నాలుగవ జట్టు గడియారమును, భోజనమును పరిశీలించినది. మనకు మధ్యాహ్నము 12 గంటలైనపుడు అచ్చట శీతకాలమున ఉదయము ఏడున్నర, వేసవిలో ఎనిమిదిన్నర. వారు రాత్రి భోజనము తొమ్మిది, పది గంటలకు చేయుదురు. వలెన్సియా ప్రాంతమున వరి పండునని విని అన్నప్రియులు ఊరట చెందిరి.

అయిదవది మాటల జట్టు. అసలు కథ దానితోనే ఆరంభమైనది. స్పానిషు భాష 20 దేశములలో అధికార భాష. ఐక్యరాజ్యసమితి అధికార భాషలు ఆరింటిలో ఒకటి. ఇంత పెద్ద భాష మనకు అందునా యని మొదట జంకితిమి. కాని పరికింపగా అది మన నాలుకకు అంత పరాయిది కాదు. దాని అచ్చులు అ, ఎ, ఇ, ఒ, ఉ అను అయిదే. వారి త, ద లు మన త, ద ల వలెనే దంత్యములు. మనము అక్షరమాలలో చదివి విడిచిపెట్టు ‘ఞ’ ధ్వని వారికి నిత్యావసరము. తమ దేశమును వారు ‘ఎస్పాఞా’ అందురు. మన పూర్వులు ‘ర’కును ‘ఱ’కును భేదము పాటించినట్లే వారును రెండు రేఫలను పాటింతురు. ‘పెరో’ అనిన ‘కాని’ అని యర్థము; ‘పెఱ్ఱో’ అనిన కుక్క! మనము ‘నీవు’ ‘మీరు’ అనునట్లే వారును చనువున్నవారిని ‘తూ’ అని, పెద్దలను, క్రొత్తవారిని ‘ఉస్తేద్’ అని పిలుతురు.

ఈ జట్టు ఇరువది వాక్యములు ఎన్నుకొన్నది. "నీరు ఎచ్చట దొరకును?" "దీని వెల యెంత?" "నాకు మీ భాష కొంచెమే వచ్చును." అన్నిటికంటె ముఖ్యమైనది, "మాస్ దెస్పాసియో, పోర్ ఫవోర్", అనగా "దయచేసి కొంచెము మెల్లగా" అని. ఈ ఇరువదియు వచ్చినచో ఏ దేశమునను దారి తప్పమని మేము సంతోషించుచుండగా వెనుక వరుసలోని ఒక బాలిక లేచి, "ఈ వాక్యములు కువీ భాషలో మనలో ఎవరికి వచ్చును?" అని యడిగినది.

తరగతి నిశ్శబ్దమైనది. వెల అడుగుట మాత్రము ముగ్గురు నలుగురికి వచ్చును. తక్కినది ఎవరికిని రాదు. నియమగిరి కొండలనుండి డోంగ్రియా కంధులు పసుపు, అల్లము, అనాసపండ్లు, అరటిపండ్లు మోసికొని మన సంతకు దిగుచుండుట పుట్టినది మొదలు చూచుచున్నాము. వారి పండ్లు తినుచున్నాము. వారితో "దయచేసి మెల్లగా" అను ఒక్క మాట వారి భాషలో పలుకుట ఎరుగము. వారే మనతో బేరమునకు తగిన ఒడియా, తెలుగు మాటలు నేర్చుకొని వత్తురు. ముప్పది దినములలో స్పానిషు నేర్వబూనిన మేము, పదునైదు సంవత్సరములలో నేర్వనిది ఇది.

అంతకంటె సిగ్గుపడవలసిన విషయము ఒకటి బయటపడినది. స్పెయినులో ముసలివారిని ‘తూ’ అనరాదు, ‘ఉస్తేద్’ అనవలెనని మేము పెద్ద అక్షరములతో పలకపై వ్రాసికొంటిమి. మరి మన సంతలో తలనెరసిన కంధ అవ్వను మనము ఏమని పిలుచుచున్నాము? ‘నీవు’ అనియే గదా! అదే మనము ఏదో కార్యాలయమునకు పోయినపుడు అచ్చటివారు మన తండ్రిగారిని ఒడియాలో ‘ఆపణ’ అనక చిన్నమాటతో పిలిచినచో ఇంటికి వచ్చి రెండు దినములు బాధపడుదుము. మనము అల్పసంఖ్యాకులము కనుక మన భాషను చులకన చేయుచున్నారని అందుము. మనకంటె అల్పసంఖ్యలో నున్న భాషవారియెడ మన నడవడి యెట్టిదో ఎన్నడును తలచి చూడలేదు. మా ఊహాయాత్ర మాకు కలిగించిన లాభములలో ఇది మొదటిది.

మన స్థితి యెట్టిదో పెద్దలకు తెలియనిది కాదు. ఈ ప్రాంతము ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్టణము జిల్లాలోనిది. 1936 ఏప్రిల్ 1న ఒడిషా ప్రత్యేక రాష్ట్రమైనపుడు అందు చేరినది. మన పూర్వులలో అనేకులు ఇల్లు కదలకయే వేరొక రాష్ట్రమువారైరి. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధనకు తగిన సౌకర్యములు కల్పింప ప్రయత్నింపవలెనని 1956లో రాజ్యాంగమునకు చేర్చబడిన 350-ఏ అధికరణము చెప్పుచున్నది. ఈ హక్కు మన బడికి అండ. అయినను "తెలుగు చదువుతో పిల్లవాడు నలుగురిలో వెనుకబడునేమో, ఇంగ్లీషు బడికి పంపుదమా" అను ఆలోచన ఇంటింటను కలదు. మీ భయమును మేము తప్పుపట్టము. కాని తెలుగులో చదివిన పిల్లవాడు ఇతర భాషలకు దూరమగునని అనుట మాత్రము సరికాదు. మాకు ‘ఱ’ తెలియుటచేతనే స్పానిషు రేఫ దొరికినది. ‘మీరు’ తెలియుటచేతనే ‘ఉస్తేద్’ అర్థమైనది. ఒడియా తెలిసినవారికి మరియొక ఆశ్చర్యము కలిగినది. ఒడియాలో దుయి, తిని, సాత, దశ అనునవి స్పానిషులో దోస్, త్రేస్, సియేతె, దియేస్. ఈ రెండు భాషలును ఒకే మహాకుటుంబమునకు చెందిన దూరపు బంధువులు. ఇక కువీ భాష తెలుగునకే తోబుట్టువు. ద్రావిడ భాషలలో రెండును ఒకే శాఖలోనివి. కన్నును, ఇంటిని తెలుపు కువీ మాటలు మన మాటలకు ఎంత దగ్గరివో వినినవారికే తెలియును. ఇట్లు మన ఊరి మూడు భాషలలో ప్రపంచమునకు మూడు వాకిళ్లు తెరచియున్నవి.

"కొండభాష నేర్చిన ఉద్యోగము వచ్చునా?" అని అడుగువారు కలరు. వారికి గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారిని జ్ఞాపకము చేయుదుము. 1863లో శ్రీకాకుళము చెంత పర్వతాలపేటయందు జన్మించిన ఆయన, నేడు ఒడిషాలో గజపతి జిల్లాకు చెందిన పర్లాకిమిడిలో ఉపాధ్యాయులు. చుట్టుపట్ల కొండలలోని సవరల భాష నేర్వగోరి ఆయన ఓడ యెక్కలేదు. తెలుగును సవరయు తెలిసిన యొకనిని ఇంటనుంచుకొని, విని, వ్రాసికొని, తప్పులు పలికి, దిద్దుకొని నేర్చిరి. సవర పిల్లలకు బడులు పెట్టించిరి. వారి భాషలోనే వాచకములు వ్రాసిరి. ఆయన సవర వ్యాకరణము 1931లో వెలువడినది. తెలుగులో వాడుకభాషకు పోరాడినవారును ఆయనయే. సామాన్యుల నోటిమాట విని గౌరవించుట ఆయనకు రెండు చోట్లను ఒక్కటే ధర్మము. మా ఈ గ్రాంథిక వాక్యములు చూచినచో ఆయన మందలించియుండెడివారు. ఆ మందలింపు శిరసావహింతుము. ఆయన జన్మదినమైన ఆగస్టు 29ననే మనము తెలుగు భాషా దినోత్సవము జరుపుకొనుచున్నాము. ఆ దినమున తెలుగును పొగడి, మరునాడు సంతలో కువీ మాటను వెక్కిరించువారు ఆయన పుట్టినరోజు జరిపినవారగుదురా?

అట్లని స్పానిషు వలదనుట మా అభిప్రాయము కాదు. స్పెయిను తెలుగునాటికి తెలియని దేశమును కాదు. బార్సిలోనా నగరమున 1920లో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురము వచ్చి, గ్రామీణాభివృద్ధి సంస్థను నెలకొల్పి, 2009లో అచ్చటనే కన్నుమూసెను. స్పెయినులోని దాతల సహాయముతో ఆ కరవుసీమలో బడులు, ఆసుపత్రులు, ఇండ్లు వెలసినవి. ఆ సంస్థ పల్లెల యువజనులకు స్పానిషు మొదలైన విదేశీ భాషలు నేర్పుటకు ఒక పాఠశాలను గూడ నెలకొల్పినది. కావున తెలుగు పల్లెలో పుట్టినవానికి స్పానిషు అందని పండు కాదు. పండు అనగా మరియొకటి. సంతకు వచ్చు అనాస దక్షిణ అమెరికాలో పుట్టినది. పోర్చుగీసువారి ఓడలలో మన దేశమునకు వచ్చినది. ‘అనాస’ అను పేరును వారి భాష మీదుగా వచ్చినదే. ఆ భాష స్పానిషునకు సోదరి. మేము ఊహలో చేసిన సముద్రయానమును ఆ పండు ఎప్పుడో నిజముగా చేసి, నియమగిరి వాలులలో కాపురముండి, కంధ అవ్వ గంపలో మన యెదుటికి వచ్చుచున్నది.

మా కోరికలు నాలుగు. మొదటిది, ఈ ఊహాయాత్ర ఏటేట జరుగవలెను. దీనికి ఖర్చు లేదు. పటము చూచుట, లెక్క కట్టుట, కాగితములు తెలిసికొనుట, పదిమందితో కలిసి నిర్ణయించుట అలవడును. రెండవది, విదేశపు భాషకు ఎన్నుకొనిన ఇరువది వాక్యములనే ముందుగా ఒడియాలోను, కువీలోను ప్రతి విద్యార్థి నేర్వవలెను. మూడవది, సంతకు పుస్తకము పట్టుకొని పోవునపుడు వారిని వింతగా చూచుటకు పోరాదు. బేరము వేళ కాక, సరకు అమ్ముడుపోయి వారు నీడన కూర్చున్న వేళ, అనుమతి యడిగి, శిష్యులుగా పోవలెను. మన బడిలో కంధ విద్యార్థులున్నచో వారే మనకు గురువులు. ప్రతిగా వారికి కావలసిన పాఠములలో మనము సాయపడవలెను. నాలుగవది పెద్దలకు. పిల్లలు తప్పు పలికినపుడు నవ్వకుడు. ఇంట ఒడియా తప్పులకు నవ్వులపాలైన పిల్లవాడు బయట నోరు విప్పడు. నోరు విప్పనివానికి మాడ్రిడ్‌లో ముప్పది దినములున్నను ముప్పది మాటలు రావు.

మన ఊరి చెంత పారు నాగావళిని ఒడియావారు లాంగుల్యా అందురు. అది రాయగడ దాటి, పార్వతీపురము ప్రాంతము మీదుగా శ్రీకాకుళము చేరి సముద్రమున కలియును. ఏ పేరుతో పిలిచినను దాని నీరు మారదు. మాలో ఎవరైనను ఒకనాడు నిజముగా ఆ సముద్రము దాటవచ్చును, దాటకపోవచ్చును. అంతలో వచ్చు సంతదినమున మా మొదటి మజిలీ ఆరంభమగును. మాట జట్టువారు ఇరువది వాక్యములకు కువీ అర్థములు అడిగి తెచ్చుటకు ఒప్పుకొనిరి. మొదటి ప్రశ్నయే, "అవ్వా, మిమ్ము మీ భాషలో మర్యాదగా ఏమని పిలువవలెను?" అని. సమాధానమును వచ్చు సంచికలో ప్రకటింతుము.