ఓడిపోతున్నప్పుడు కోచ్ ఏం మారుస్తాడు?

2025 జులైలో టీసీఎస్ సుమారు 12 వేల ఉద్యోగాలు తగ్గిస్తామని ప్రకటించింది. దానికి సీఈఓ చెప్పిన కారణం ఏఐ కాదు. ఉన్న నైపుణ్యాలకీ ప్రాజెక్టుల అవసరాలకీ పొంతన కుదరకపోవడమే అన్నారు. వెల్దుర్తిలో చదువు మొదలుపెట్టి, బీటెక్ పట్టాతో హైదరాబాద్ బస్సెక్కే కుర్రాళ్లకి ఈ మాట గట్టిగానే తగులుతుంది. 'మారాలి' అని అందరూ చెబుతారు. ఏది మార్చాలో, దేన్ని వదులుకోవాలో చెప్పేవాళ్లు తక్కువ. బాస్కెట్‌బాల్ కోచింగ్‌లో దీనికి మంచి ఉదాహరణ ఉంది.

ఎత్తు వదిలారు, వేగం పట్టారు

2015 ఎన్‌బీఏ ఫైనల్స్. ఆ సీజన్ లీగ్ దశలో 67 మ్యాచ్‌లు గెలిచిన గోల్డెన్ స్టేట్ వారియర్స్, క్లీవ్‌లాండ్ చేతిలో 1-2తో వెనకబడింది. లెబ్రాన్ జేమ్స్ ఆటని నెమ్మదిగా నడిపిస్తుంటే వారియర్స్ వేగానికి బ్రేకులు పడ్డాయి. నాలుగో మ్యాచ్‌కి కోచ్ స్టీవ్ కెర్, ఏడడుగుల ఆండ్రూ బోగట్‌ని పక్కనపెట్టి ఆండ్రీ ఇగుడాలాని మొదటి ఐదుగురిలోకి తెచ్చారు. ఆ సీజన్‌లో అప్పటిదాకా ఇగుడాలా ప్రతిసారీ బెంచ్ మీద నుంచి వచ్చినవాడే.

ఈ ఐడియా ఇచ్చింది 28 ఏళ్ల సహాయక సిబ్బంది నిక్ యురెన్. అంతకుముందు ఏడాది ఫైనల్స్ వీడియోలు చూసి, శాన్ ఆంటోనియో ఇలాంటి మార్పే చేసిందని గమనించాడు.

మార్పు ఊరికే రాలేదు. ఆట మొదలవగానే స్కోరు 0-7. బోగట్ లేకపోవడంతో క్లీవ్‌లాండ్ సెంటర్ మోజ్‌గోవ్ 28 పాయింట్లు కొట్టాడు. అయినా కెర్ వెనక్కి తగ్గలేదు. 103-82తో ఆ మ్యాచ్, 4-2తో టైటిల్ గెలిచారు. ఫైనల్స్ ఎంవీపీ ఇగుడాలాయే.

గమనించాల్సిందేంటంటే, కెర్ జట్టు బలాన్ని మార్చలేదు. ఆ బలానికి అడ్డొస్తున్నదాన్ని మార్చారు. నష్టం ఎక్కడ వస్తుందో తెలిసే ఒప్పుకున్నారు.

మన అమలాపురం కుర్రాడు

సాత్విక్ సాయిరాజ్, చిరాగ్ శెట్టి ఇద్దరూ వెనక నుంచి స్మాష్‌లు కొట్టేవాళ్లే. మలేషియా కోచ్ టాన్ కిమ్ హెర్ వాళ్లని జోడీ చేశారు. స్మాష్ వదలకుండానే నెట్ దగ్గర ఆట కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది. 2023 ఆసియా క్రీడల్లో బ్యాడ్మింటన్‌లో భారత్‌కి తొలి స్వర్ణం ఈ జోడీదే.

మనం చేయగలిగింది

ఊళ్లో ఆడేది కబడ్డీ అయినా, వాలీబాల్ అయినా మ్యాచ్‌ని ఫోన్‌లో రికార్డ్ చేయండి. పాయింట్లు ఎక్కడ పోతున్నాయో లెక్కేసి పీఈటీ సార్‌కి చూపించండి. స్పోర్ట్స్ అనలిస్ట్ పనికి మొదటి మెట్టు ఇదే.

ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్లు ప్రతి కొత్త కోర్సు వెంటా పరిగెత్తకండి. మీ బలం ఒకటి రాసుకోండి. దానికి అడ్డొస్తున్నది ఒకటి రాసుకోండి. ముందు మార్చాల్సింది ఆ రెండోదాన్నే.

సార్లకీ, టీమ్ లీడ్‌లకీ ఒక మాట: యురెన్ చెప్పడం ఎంత ముఖ్యమో, కెర్ వినడం కూడా అంతే ముఖ్యం.