గ్యాస్ కాదమ్మా... దిగులు!

"నీకేం తక్కువమ్మాయ్?"

ఈ మాట వినని ఆడది మన ఊళ్ళల్లో ఉంటుందంటారా? నేను మాత్రం దాదాపు ఏడాదిపాటు రోజుకోసారైనా విన్నాను. అత్తయ్య అంది, పక్కింటి అక్క అంది, నన్ను చూడ్డానికి ఉదయగిరి నుంచి వచ్చిన మా అమ్మా అదే అంది. సొంతిల్లుంది. మావారికి తాగుడు లేదు, చెయ్యెత్తడం లేదు. పిల్లలిద్దరూ బాగానే చదువుతున్నారు. నేనూ డిగ్రీ చదివాను, ఏడాదికి నాలుగైదు కథలు రాసుకుంటాను. నిజమే, ఏం తక్కువ?

తక్కువైంది నిద్ర. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వస్తే ఇక రెప్ప వాలేది కాదు. పొయ్యి మీద పాలు పొంగిపోతుంటే చూస్తూ నిలబడిపోయేదాన్ని. ఓ మధ్యాహ్నం ఆత్మకూరు బస్టాండులో నెల్లూరు బస్సెక్కి కూర్చున్నానో లేదో, గుండె దడదడా కొట్టుకోవడం మొదలెట్టింది. చేతులు చల్లబడ్డాయి, ఊపిరాడలేదు. ప్రాణం పోతోందనుకుని దిగేశాను. ఆ తర్వాత ఆరు నెలలు బస్సు మొహం చూడలేదు.

ఇక ఆస్పత్రుల భాగోతం! ఒకాయన గ్యాస్ అన్నాడు. ఇంకొకాయన నీరసమని సెలైన్ ఎక్కించి, బీకాంప్లెక్స్ సూది పొడిచాడు. ఈసీజీ అయింది, స్కానింగ్ అయింది, రక్తం ఎన్నిసార్లు తీశారో లెక్కే లేదు. అన్నీ నార్మలే. ఆఖరికి ఒక డాక్టరుగారు కాగితాలన్నీ నా ముందుకు తోసి, "ఏం లేదమ్మా, అంతా మీ ఊహ" అన్నారు. ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చినంతగా, అంతకు ముందు ఏడు మా నాన్న పోయినప్పుడు కూడా ఏడవలేదు.

ఊహ కాదు. ఆందోళన జబ్బు, దాంతో పెనవేసుకున్న దిగులు. డిప్రెషన్, యాంగ్జయిటీ అని ఇప్పుడు కాలేజీ పిల్లలు కూడా అనేస్తున్నారు గానీ, మనదాకా వస్తే గుర్తుపట్టలేం. ఎందుకంటే మన దగ్గర దిగులు దిగులులా రాదు. నడుంనొప్పిలా వస్తుంది, తలపోటులా వస్తుంది, 'గుండెల్లో ఏదో బండ పెట్టినట్టు' వస్తుంది. మనసు బాగాలేదంటే ఇంట్లో వినే నాథుడు లేడు. నడుం నొప్పంటే కనీసం అమృతాంజనమైనా దొరుకుతుంది. అందుకే మనసు చెప్పలేని మాటని ఒళ్ళు అందుకుంటుందేమోననిపిస్తుంది నాకు.

మరి మామూలు బెంగకీ జబ్బుకీ తేడా ఎలా తెలుస్తుంది? కొడుకు పరీక్ష తప్పితే నాలుగు రోజులు అన్నం సహించదు, అది జబ్బు కాదు. డాక్టర్లు చూసే లెక్క రెండు వారాలు. రెండు వారాలపాటు, దాదాపు ప్రతిరోజూ, మనసు దిగాలుగా ఉండటమో, ఇదివరకు ఇష్టపడి చేసిన పని మీద ఆసక్తి చచ్చిపోవడమో ఉండి, దానికి తోడు నిద్ర, ఆకలి మారిపోవడం, సత్తువ లేకపోవడం, పని మీద మనసు నిలవకపోవడం, 'నేనెందుకూ పనికిరాను' అనిపించడం లాంటివి కలిసొస్తే అది చూపించుకోవాల్సిన సంగతి. ముగ్గెయ్యకపోతే తోచని మనిషి ఊరికే నీళ్ళు చల్లి లోపలికెళ్ళిపోతోందంటే, బద్ధకమని తిట్టేముందు ఒకసారి దగ్గర కూచోబెట్టుకుని అడగండి. థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు ముందు చేయించుకోవడం మంచిదే, అవి కూడా ఇలాగే నీరసంగా, దడగా కనబడతాయి. కానీ అవి లేవని తేలాక 'ఏం లేదు, పో' అనడం వైద్యం కాదు.

బెంగుళూరు నిమ్హాన్స్ వాళ్ళు 2015-16లో పన్నెండు రాష్ట్రాల్లో జాతీయ సర్వే చేశారు. పెద్దవాళ్ళలో నూటికి 10 మందికి పైగా ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. ఇలాంటి సాధారణ సమస్యలున్న వాళ్ళలోనైతే నూటికి 85 మందికి వైద్యమే అందలేదట. ఆ 85 మందీ ఊరికే కూచున్నారనుకోను. నాలాగే గ్యాస్ బిళ్ళలు మింగుతూ ఉండుంటారు.

నన్ను దారిలో పెట్టింది నెల్లూరులో నర్సుగా చేసే మా ఆడపడుచు. "వదినా, చూపించాల్సింది గుండె కాదు, మనసు" అంది. "అంటే మెంటల్ డాక్టరా!" అని కస్సుమన్నాను. చివరికి వెళ్ళాను, ఇరుగుపొరుగుకి మాత్రం కళ్ళ పరీక్షని చెప్పాను. డాక్టరుగారు చిన్న మోతాదు మాత్రలు రాసి, తన దగ్గర పనిచేసే సైకాలజిస్టుతో వారానికోసారి మాట్లాడమన్నారు.

మాట్లాడటం కూడా ఒక వైద్యమా అనుకున్నాను. ఆవిడ ఏం చెబుతుందో కూడా ముందే ఊహించుకున్నాను. ధైర్యంగా ఉండు, యోగా చెయ్యి, దేవుడి మీద భారం వెయ్యి... ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. ఆవిడ ఒక్క సలహా కూడా ఇవ్వలేదు. "బస్సులో దడ మొదలయ్యే ముందు మనసులో ఏముంది?" అనడిగింది. నాకు తెలీదన్నాను. మూడోసారి వెళ్ళినప్పుడు తెలిసింది. నాన్న నెల్లూరు ఆస్పత్రిలో ఉండగా పరుగున బయల్దేరింది ఆ నెల్లూరు బస్సులోనే. సంగం దాటాక ఫోనొచ్చింది. కథలో రాస్తే 'మరీ కల్పన' అని ఎడిటరుగారు తిప్పి పంపేవారే!

అది బయటపడగానే అన్నీ మాయమయ్యాయని చెప్పను. పని అప్పుడే మొదలైంది. గుండె కొట్టుకుంటే 'చచ్చిపోతున్నా' అనుకుంటాం, అనుకోగానే ఇంకా కొట్టుకుంటుంది. ఈ గానుగ తిరుగుడు ఎలా మొదలవుతుందో కాగితం మీద గీసి చూపించింది. ఆ దడ ఎంత భయంకరంగా ఉన్నా కొద్ది నిమిషాల్లో పైకెక్కి దిగిపోతుందనీ, పారిపోతే మాత్రం భయం ముదురుతుందనీ చెప్పింది. అక్కణ్ణుంచి మెట్లు మెట్లుగా ఎక్కించింది. ముందు ఆగి ఉన్న బస్సులో పది నిమిషాలు కూచోవడం. తర్వాత సంగం దాకా వెళ్ళి వెనక్కి రావడం. ఆ తర్వాత బుచ్చి. బుచ్చిలో దిగిన రోజు ఇంటికి మైసూరుపాకు కొనుక్కెళ్ళాను. మావారు నవ్వారు గానీ, పొట్లం మాత్రం ఖాళీ చేశారు. దిగులుకి ఇంకో పద్ధతి పెట్టింది. బుద్ధి పుట్టేదాకా ఆగకుండా, పుట్టకపోయినా రోజూ ఒక చిన్న పని, ఇదివరకు నచ్చిన పని, చేసి నోటుబుక్కులో రాయడం. 'ఇవాళ మల్లె చెట్టుకి పాదు చేశాను' అని రాసిన పేజీ ఇంకా దాచుకున్నాను. పన్నెండు వారాలు పట్టింది. మాత్రలు డాక్టరు చెప్పినప్పుడే, చెప్పినట్టే తగ్గించుకున్నాను.

"మాట్లాడుకోవడానికి నెల్లూరు దాకా పోవాలా, మేం లేమూ?" అంది మా అమ్మ. ఉదయగిరిలో అమ్మవాళ్ళ వీధి పక్కన చెక్క చెంచాలు నగిషీ చెక్కే ఆడవాళ్ళు పని చేసుకుంటూ ఎన్ని కష్టసుఖాలు చెప్పుకునేవాళ్ళో చిన్నప్పుడు విన్నదాన్నే. అది గుండె బరువు దించుతుంది, కాదనను. కానీ మనవాళ్ళతో చెప్పుకుంటే సాయంత్రానికి కుళాయి దగ్గర అదే కథ! లేదంటే మన కష్టం సగంలో ఉండగానే వాళ్ళ కష్టం అందుకుంటారు. అక్కడ గంటసేపు వినేది నా మాట ఒక్కటే, గడప దాటదు, పైగా వినడంలో తర్ఫీదైన మనిషి వింటోంది.

ఆ తర్ఫీదుకి పెద్ద పెద్ద డిగ్రీలే ఉండాలని లేదు. గోవాలో డాక్టర్ విక్రమ్ పటేల్ బృందం మామూలు స్థానికులకే శిక్షణ ఇచ్చి, తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవాళ్ళతో ఆరు నుంచి ఎనిమిదిసార్లు కూచుని మాట్లాడించింది. ఉత్త మామూలు వైద్యం అందినవాళ్ళకంటే వీళ్ళలో ఎక్కువమంది కోలుకున్నారని 2016లో ప్రకటించారు. ఆఫ్రికాలోని జింబాబ్వేలోనైతే డాక్టర్ చిబాండా ఆస్పత్రి ఆవరణలో బల్లలు వేయించి, ఊరి అవ్వలకు నేర్పించి కూచోబెట్టాడు. అక్కడివాళ్ళు దిగులుకి పెట్టుకున్న పేరేమిటో తెలుసా? 'మరీ ఆలోచించడం'. మనం 'దానికి ఆలోచనలెక్కువ' అంటామే, అదే! అంతదూరం ఎందుకు, మన పశ్చిమ గోదావరి పల్లెల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఆశా కార్యకర్తలకి ట్యాబ్‌లిచ్చి, దిగులు, ఆందోళన ఉన్నవాళ్ళని ఇంటింటా గుర్తించి డాక్టరుకి చూపించే పథకం నడిపారు.

మా ఆత్మకూరు పక్కనే అనుమసముద్రంపేట దర్గా ఉంది. మనసు చెదిరినవాళ్ళని ఎక్కడెక్కణ్ణుంచో తీసుకొస్తారు. ఆ నమ్మకాన్ని నేను వెక్కిరించను, ఇంట్లో విననివాళ్ళకి అక్కడైనా ఒక నీడ దొరుకుతుంది. గుజరాత్‌లో ఉనావా దర్గాలో 'దవా-దువా' అని రెండూ కలిపారు. మొక్కూ తీర్చుకోవచ్చు, అక్కడే డాక్టరుకీ చూపించుకోవచ్చు. మన దగ్గర కూడా అలా కలిపితే ఎవరికి నష్టం?

ఒక సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. తాగొచ్చి తన్నే మొగుణ్ణి భరించడం నేర్పేది కౌన్సెలింగ్ కాదు. అక్కడ చక్కదిద్దాల్సింది ఆమె మనసుని కాదు, దానికి 181కి ఫోను చెయ్యాలి. ఉదయగిరి నియోజకవర్గంలోని దూబగుంట ఆడవాళ్ళకి ఈ తేడా 1992లోనే తెలుసు. రాత్రిబడిలో సీతమ్మ పాఠం చదువుకుని, ఇదేదో మన కథలాగే ఉందే అని మాట్లాడుకున్నారు. ఆ మాటలు పెరిగి రోసమ్మ ముందుండగా సారా దుకాణం మూయించేదాకా, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించేదాకా వెళ్ళాయి. నోరు తెరిస్తే ఏమవుతుందో మన మెట్ట ఆడవాళ్ళకి ఇంకొకరు చెప్పాలా?

నేనడిగేది పెద్ద కోరికేం కాదు. ఆత్మకూరు ఆస్పత్రిలో, ఉదయగిరి ఆస్పత్రిలో వారానికో రోజు, ఒక గది, తలుపేసుకుని వినే ఒక మనిషి. ఉదయగిరి నుంచి నెల్లూరంటే దగ్గర దగ్గర వంద కిలోమీటర్లు. ఒంట్లో ఓపిక లేకపోవడమే జబ్బైన మనిషిని వారం వారం అంతదూరం రమ్మంటే ఎలా వస్తుంది? అందాకా 14416 ఉంది. కేంద్రప్రభుత్వం 2022లో మొదలెట్టిన టెలి మానస్. డబ్బులక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు, అర్ధరాత్రైనా ఎత్తుతారు. ఎవరైనా 'బతకాలని లేదు' అంటే 'ఛ, ఊరుకో' అనకండి. చావాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఒంటరిగా వదలకుండా ఆ నంబరుకి కలపండి, లేదా ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

మొన్న పెరటి గోడ దగ్గర పక్కింటి అక్క నిలబడింది. నీకేం తక్కువన్న అక్కే. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "నువ్వు కళ్ళు చూపించుకోను పొయ్యేదానివే... ఆ డాక్టరు బుధవారం ఉంటుందా?" అంది.

"ఉంటుందక్కా, పొద్దున బస్సుకి ఇద్దరం పోదాం" అన్నాను.